చేతులు కదిలిన ఫోటోలు

పెళ్లిళ్ల కాలం వచ్చిందంటే శ్రీలత గొంతు పోయేది. పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి దాకా ముంబై హైవేకు రెండు పక్కలా ఉన్న ఫంక్షన్ హాళ్లలో ఆమె కెమెరా పట్టుకుని నిలబడని స్టేజీ లేదు. "ఇటు చూడున్రి, జెర నవ్వున్రి, పెద్దమ్మా పక్కకు జరుగు, తమ్మీ ఆ ఫోన్ దించు" అని డీజే మోతను మించి అరిచి అరిచి, మాఘమాసం ముగిసేసరికి ఆమె గొంతు బొంగురుపోయేది. ఫోన్‌లో ఆమె "హలో" అంటే కొత్తవాళ్లు "అన్నా, శ్రీలత మేడం ఉన్నరా?" అని అడిగేవారు.

అయినా ఆ పని మీద ఆమెకు విసుగు పుట్టలేదు. కాలివేళ్లకు కొత్తగా ఎక్కిన మట్టెలను చూసుకుని తనలో తాను మురిసిపోయే పెళ్లికూతురు, చెల్లెలి అప్పగింతల వేళ స్తంభం చాటుకు పోయి కళ్లు తుడుచుకునే అన్న, పొద్దున అలిగి కూర్చుని మధ్యాహ్నం బంతిలో ఒకరి విస్తరిలో ఒకరు పెరుగు వేయించే వియ్యంకులు, వీళ్లంతా ముందుగా ఆమె కంటికే దొరికేవారు. ఇంటివాళ్లకే తెలియని ముచ్చట్లు తనకు తెలుస్తాయని ఆమెకు లోలోపల కొంచెం గర్వం కూడా ఉండేది. ఇన్నేళ్లలో అన్ని రకాల పెళ్లిళ్లూ చూసేశాననుకుంది. ఇస్నాపూర్ నాగయ్య కూతురి పెళ్లి ఒప్పుకునేదాకా అలాగే అనుకుంది.

నాగయ్య ఒకప్పుడు ఊరి పొలాలకు కూలికి పోయినవాడు. ఆ పొలాల్లో గోదాములు లేచాక వాటిలో ఒకదానికి వాచ్‌మన్ అయ్యాడు. పెళ్లి మాట్లాడడానికి శ్రీలత స్టూడియోకు వచ్చినప్పుడు ముహూర్తం చెప్పాడు, హాలు పేరు చెప్పాడు, పిల్ల పేరు తనుశ్రీ, పిల్లగాడి పేరు నర్సింగ్ అన్నాడు. ఇంకేదో చెప్పబోయి ఆగి, తువ్వాలతో మొహం తుడుచుకుని, "మంచిగ తియ్యి బిడ్డా" అని లేచిపోయాడు.

పెళ్లికి ముందు జంటను ఫోటోలు తీయడానికి శ్రీలత మంజీర ఒడ్డుకు తీసుకుపోయింది. వీడియో తీసే మల్లేష్ కూడా వచ్చాడు. నర్సింగ్ సన్నగా, పొడుగ్గా, నీళ్ల వైపు తిరిగి నిలబడ్డాడు. ఎండ వాలుగా పడి భుజాలు మెరుస్తున్నాయి. శ్రీలత వెనకనుంచి పిలిచింది.

"తమ్మీ, జెర ఎడమకు తిరుగు."

అతడు తిరగలేదు. ఇంకాస్త గట్టిగా పిలిచింది. తిరగలేదు. మూడోసారి ఆమె అరిచిన అరుపుకు రెల్లుపొదల్లోంచి కొంగలు లేచాయి. నర్సింగ్ ఆ కొంగలను చూసి మురిసిపోయాడు కానీ వెనక్కి మాత్రం చూడలేదు.

"ఏంది, గింత పొగరా?" అని శ్రీలత మల్లేష్‌తో గొణిగింది.

తనుశ్రీ చీర కుచ్చిళ్లు పైకి పట్టుకుని పరుగున వచ్చింది. "అక్కా, పిలవకు. ఆయనకు వినబడదు. పుట్టిన కాడి సంది గంతే. మా నాయిన చెప్పలేదా?"

శ్రీలత లేదన్నట్టు తల ఊపింది.

"చెప్పడులే," అని తనుశ్రీయే మళ్లీ అంది. "ఎవ్వరికీ చెప్పడు. చుట్టాలు అడిగితే పిల్లగాడు తక్కువ మాట్లాడతడు అంటడు. తక్కువనా! జెరసేపు ఉండు అక్కా, నువ్వే చూస్తవ్."

ఆమె అన్నట్టే అయింది. నర్సింగ్ ఇటు తిరిగాడో లేదో చేతులతో మాట్లాడడం మొదలుపెట్టాడు. కొంగల గురించి చెప్పాడు. కెమెరా ఎంత బరువని అడిగాడు. మల్లేష్ పొట్ట మీద ఏదో జోకు వేస్తే తనుశ్రీ పగలబడి నవ్వి, అదేమిటో చెప్పనంది. అతడి చేతులే కాదు, కనుబొమ్మలూ భుజాలూ కూడా మాట్లాడుతున్నాయి. అయితే ఫోటోలు తీసి చూసుకుంటే ప్రతిదాంట్లోనూ అతడి చేతుల దగ్గర పొగలాంటి మసక.

"తనుశ్రీ, చేతులు కదపొద్దని చెప్పమ్మా."

తనుశ్రీ చెప్పింది. నర్సింగ్ వెంటనే చేతులు దించేసి బడిలో ప్రార్థనకు నిలబడ్డ పిల్లవాడిలా నిలబడ్డాడు. చేతులతో పాటు మొహంలోని వెలుగు కూడా దిగిపోయింది. తర్వాతి ఫోటోలు స్పష్టంగానే వచ్చాయి, కానీ వాటిలో ఎవరో వేరే మనిషి ఉన్నట్టుంది. కెమెరా వెనకున్న చిన్న తెర మీద వాటిని చూస్తుంటే శ్రీలతకు తానేం చేసిందో అర్థమైంది. చేతులు కదపొద్దనడమంటే అతడిని నోరు మూసుకొమ్మనడమే.

"వద్దు వద్దు, మాట్లాడుకోనియ్యి. కెమెరా సంగతి నేను చూసుకుంట," అంది.

షట్టర్ వేగం పెంచి, కన్ను కెమెరాకు ఆనించి ఓపిగ్గా చూసింది. చూడగా చూడగా ఒక సంగతి దొరికింది. అతడి ప్రతి మాట చివరా చేతులు ఒక్క క్షణం నిలుస్తున్నాయి. పిట్ట వాలినట్టు వాలి, మళ్లీ లేస్తున్నాయి. ఆ వాలే క్షణం పట్టుకోవడం నేర్చుకునేసరికి సాయంత్రమైంది. పనిలో చేరిన కొత్తలో తప్ప మళ్లీ ఎన్నడూ అంత ఉత్సాహం కలగలేదు శ్రీలతకు.

తిరిగి వచ్చేటప్పుడు కారులో తనుశ్రీ తమ సంగతి చెప్పింది. ఇద్దరిదీ ఒకే కంపెనీ. అతడు రేకులు అచ్చొత్తే ప్రెస్ షాపులో ఫిట్టర్, ఆమె తయారైన సామాను పరీక్షించే చోట. పెళ్లి మాట ముందు ఆమే ఎత్తింది. చివరికి ఆమె ఒక కోరిక కోరింది.

"లగ్గంల ఎవ్వరూ ఆయన చెయ్యి పట్టి గుంజొద్దక్కా. చిన్నప్పటి సంది అందరూ గట్లనే చేసిన్రు. రమ్మనాలంటే గుంజుడు, కూసోమనాలంటే భుజం నొక్కుడు. ఆయనకు శానా బాధ అయితది. జీలకర్ర బెల్లం ఆయనంతట ఆయనే పెట్టాలె. పంతులుకు కూడ చెప్పిన. మా అత్త పక్కన నిలబడి సైగ చేస్తది."

పెళ్లినాడు హాలు కిటకిటలాడింది. నర్సింగ్ తల్లి మొగులమ్మ చిన్న మనిషి, వియ్యపురాళ్ల గుంపులో నిలబడితే తల కూడా కనిపించదు. మొగుడు పోయాక జిన్నారం దగ్గర కూలిపని చేసి ఒక్కతే కొడుకును పెంచింది. ఆమె ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుని అందరికీ బొట్టు పెడుతూ తిరుగుతోంది. నాగయ్య గుమ్మం దగ్గర నిలబడి వచ్చినవాళ్లకు దండాలు పెడుతున్నాడు. పిల్లగాడి గురించి ఎవరు అడిగినా మాట తప్పించి, "ముందు టిఫిన్ చెయ్యిన్రి" అంటున్నాడు.

డీజే పెట్టెలు మోగుతుంటే కింద నేల అదురుతోంది. శ్రీలత అరుస్తోంది, మల్లేష్ అరుస్తున్నాడు. ఒకరి మాట ఒకరికి అందడం లేదు. వియ్యాలవారు ఒకరి చెవిలో ఒకరు నోరు పెట్టి అరుచుకుంటున్నారు. ఆ గోలలో శ్రీలత కంటికి ఒక వింత కనిపించింది.

హాలు వెనక వరసల్లో ఇస్త్రీ చొక్కాలు వేసుకున్న ముప్పై నలభై మంది కుర్రాళ్లు కూర్చున్నారు. వాళ్లు అరవడం లేదు. అటు చివర భోజనాల గది గుమ్మం దగ్గర ఒకడు నిలబడి చేతులు ఊపాడు. ఇటు స్టేజీ దగ్గర ఒకడు జవాబు చెప్పాడు. మధ్య వరసలోవాడు కలగజేసుకుని ఏదో అడిగాడు, అంతా నవ్వారు. అంత పెద్ద హాల్లో, అంత మోతలో, హాయిగా మాట్లాడుకుంటున్నది వాళ్లు మాత్రమే.

వాళ్ల పక్కన మీసాలాయన ఒకరు కూర్చుని ఉన్నారు. శ్రీలత వెళ్లి అడిగింది. ఆయన పేరు యాదగిరి, ప్రెస్ షాపు సూపర్‌వైజర్. బయటికి వస్తే గానీ మాట వినబడదని ఆమెను వరండాలోకి తీసుకుపోయాడు.

"వీళ్లందరికీ చెవులు వినబడవా అన్నా?"

"మంచిగ వినబడతయమ్మా. మా షాపులకొచ్చినంకనే వినబడవు," అని నవ్వాడు యాదగిరి. "ప్రెస్సులు నడుస్తుంటే పక్కన నిలబడి మొత్తుకున్నా తెల్వదు. దానికి తోడు ఒకడు ఒడియా, ఒకడు బిహార్, ఒకడు మన సదాశివపేట. ఒకని మాట ఒకనికి రాదు. గప్పుడు నర్సింగ్ వచ్చిండు. ఈయనతోని పనెట్ల అని నేనే పరేషాన్ అయిన. ఏం చేసిండనుకున్నవ్? మూడు నెలల్ల అందరికీ ఆయన మాటే నేర్పిచ్చిండు. స్పానర్ కావాలన్నా, మిషన్ బంద్ చెయ్యాలన్నా, చాయ్ వచ్చిందన్నా అన్నీ చేతులతోనే. కొత్తగ వచ్చిన పిల్లగాడు హిందీ రాకముందే గిది నేర్చుకుంటడు. చెయ్యి మిషన్ల పడబోయి ఒక సైగతోని బతికినోడు గా వెనక లైన్లనే కూసున్నడు."

"మరి మీకు వచ్చా అన్నా?"

"రాకుంటే నౌకరి నడుస్తదా? నేను వస్తున్ననని వాళ్లల్ల వాళ్లు చెప్పుకునేటందుకు కూడ ఒకటున్నది." యాదగిరి అటు ఇటు చూసి, తన మీసాలను తాకకుండానే గాలిలో రెండు చేతులా గట్టిగా మెలేసి చూపించాడు. "ఈ సైగ నాకు తెల్వదనుకుంటరు వాళ్లు."

శ్రీలత నవ్వుతూనే లోపలికి వచ్చింది. ఇన్నాళ్లూ ఇదే దారిన కంపెనీ గేట్ల ముందునుంచి స్కూటీ మీద తిరుగుతోంది. ఆ గోడల వెనక ఒక మనిషి వచ్చి నలుగురికీ మాట నేర్పాడని ఆమె ఎలా అనుకుంటుంది? స్టేజీ మీద పట్టుపంచెలో కూర్చున్న నర్సింగ్ ఆమెకు ఇప్పుడు మరోలా కనిపించాడు.

ముహూర్తం దగ్గర పడింది. పెళ్లికొడుకుకూ పెళ్లికూతురికీ మధ్య అడ్డుతెర పట్టారు. తమలపాకులో జీలకర్ర బెల్లం ముద్ద పెట్టి ఇద్దరి చేతికీ ఇచ్చారు. ముందు పిల్లగాడు పెట్టాకే పిల్ల పెట్టాలని పెద్దవాళ్లు తనుశ్రీకి గట్టిగా చెప్పి ఉంచారు. మొగులమ్మ పంతులు పక్కన సైగ చేయడానికి సిద్ధంగా నిలబడింది. శ్రీలత స్టేజీ అంచున ప్లాస్టిక్ కుర్చీ ఎక్కి కెమెరా సరిచూసుకుంది.

అంతలో జనం ఒక్క ఊపున స్టేజీ ఎక్కారు. అక్షింతలు వేసేవాళ్లు, ఫోన్లెత్తి వీడియో తీసేవాళ్లు, ముందువాళ్లను తోసేవాళ్లు. ఆ తోపులాటలో మొగులమ్మ వెనక్కి కొట్టుకుపోయింది. ఆకుపచ్చ చీర కొంగు ఒక్కసారి కనిపించి మాయమైంది. పంతులు చేయెత్తాడు. గట్టిమేళం మోగింది.

నర్సింగ్ ముద్ద పట్టుకుని తల్లి కోసం వెతికాడు. ఎదురుగా తెర. పక్కన ఫోన్ల గోడ. పంతులు నోరు కదులుతోంది కానీ అది మంత్రమో, తనకు చెబుతున్న మాటో అతడికి తెలియడం లేదు. చుట్టాల్లో ఎవరో "పెట్టు, పెట్టు" అని అరుస్తున్నారు. తనుశ్రీ మేనమామ చుట్టూ చూసి, ఇక లాభం లేదని నర్సింగ్ మణికట్టు పట్టుకోవడానికి వంగాడు.

అప్పుడు నర్సింగ్ కళ్లు పైకి లేచాయి. ఫోన్లన్నిటికీ పైన, కుర్చీ మీద నిలబడ్డ శ్రీలత కనిపించింది. ఆమెకు అతడి భాష రాదు. మంజీర ఒడ్డున నేర్చుకున్నది నాలుగు ముక్కలు, అవీ అప్పుడు గుర్తు లేవు. కుడిచేత్తో కెమెరా పట్టుకునే ఎడమచెయ్యి పైకెత్తి, అందరూ చూస్తుండగా తన నెత్తి మీద తానే చప్పున పెట్టుకుంది.

నర్సింగ్ మొహం విచ్చుకుంది. మేనమామ చెయ్యి అందేలోపే తెర మీదుగా చెయ్యి చాచి తనుశ్రీ తల మీద ముద్ద పెట్టాడు. ఆ వెంటనే ఆమె చెయ్యి వచ్చి అతడి తల మీద పడింది. శ్రీలత వేలు దానంతట అదే నొక్కుకుంది. ఏం వచ్చిందో, ఎలా వచ్చిందో ఆమె చూసుకోలేదు.

"అక్కా! నీ చెయ్యి నా వీడియోల పడ్డది!" అని మల్లేష్ వెనకనుంచి మొత్తుకున్నాడు.

తెర దించారు, స్టేజీ మీది జనం పక్కకు జరిగారు. వధూవరులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నర్సింగ్ తనుశ్రీ తల వైపు చూసి, జిగటగా ఉన్న వేళ్లతోనే ఏదో అన్నాడు. తనుశ్రీ తల వంచుకుని ఉండాల్సింది పోయి చేతితో జవాబిచ్చింది. హాలు వెనకనుంచి నలభై మంది నవ్వు పెద్ద అలలా వచ్చింది. ముందు వరసల్లోని చుట్టాలు వెనక్కి తిరిగి చూశారు. ఎందుకు నవ్వారో వాళ్లలో ఒక్కరికీ తెలియలేదు.

"ఏమన్నడన్నా?" శ్రీలత యాదగిరి వైపు చూసి సైగ చేసింది. ఆయన దగ్గరికి వచ్చి చెవిలో చెప్పాడు.

"నీ నెత్తికి చీమలు పడతయ్ అన్నడు. పడితే నువ్వే ఊదాలె అన్నది ఆమె."

ఆ పూట శ్రీలత మళ్లీ అరవలేదు. గ్రూపు ఫోటోకు ప్రెస్ షాపు వాళ్లంతా స్టేజీ ఎక్కినప్పుడు ఆమె చెయ్యి ఒక్కసారి పైకెత్తింది. అందరూ ఒక్క క్షణంలో ఆమె వైపు తిరిగారు. ఏ పెళ్లిలోనూ అలాంటిది ఆమె ఎరగదు. కదలకుండా నిలబడమని చెప్పకుండా, నర్సింగ్‌కు ఏం చెప్పాలనుకుంటే అది చెప్పమని యాదగిరి చేత చెప్పించింది. నలభై జతల చేతులు లేచాయి. నర్సింగ్ ఆ చేతులన్నిటినీ చూసి, పెళ్లికొడుకునన్న సంగతి మరచి, వెక్కిళ్లు వచ్చేలా నవ్వాడు.

స్టేజీ దిగుతూ అతడు శ్రీలత ముందు ఆగాడు. ఒక కన్ను మూసి, మరో కంటి పక్కన వేలు రెండుసార్లు తట్టి, ఆమెను చూపించాడు. "అది నీ పేరక్కా," అంది తనుశ్రీ. "ఇయ్యాల్టి సంది మా దగ్గర నువ్వు గదే."

ఇంటికి పోయి ఫోటోలు చూసుకుంటే, జీలకర్ర బెల్లం ఫోటో కొంచెం వాలుగా వచ్చింది. పెళ్లికొడుకు పెళ్లికూతురి వైపు కాకుండా సూటిగా కెమెరాలోకి చూస్తున్నాడు. స్టూడియో లెక్క ప్రకారం తీసి పారేయాల్సిన ఫోటో అది. శ్రీలత దాన్ని ఆల్బంలో రెండు పేజీలకు పరిచి వేసింది. చేతులు కొంచెం మసకగా ఉన్నవాటిని కూడా చాలావరకు ఉంచేసింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆల్బం పట్టుకుని నాగయ్య ఇంటికి వెళ్లింది. మొగులమ్మ కూడా వచ్చి ఉంది. వాడకట్టు ఆడవాళ్లు చాప మీద చుట్టూ చేరారు. కొత్తజంట బయట అరుగు మీద కూర్చుని బఠానీలు తింటోంది.

మొదటి పేజీలు అందరూ చీరలూ నగలూ చూస్తూ తిప్పారు. తర్వాత మొగులమ్మ ఒక ఫోటో మీద వేలు పెట్టి నవ్వింది. "పొగ ఇంకెంతసేపు అని పంతులును అడుగుతుండు సూడు మా వోడు." పేజీ తిప్పారు. "గిక్కడ నా చెప్పులు ఎవలు దాచిన్రు అంటుండు." ఇంకో పేజీ. "గిది నాకే. అమ్మా, నువ్వు తిన్నవా అంటుండు. నేను తిన్న అన్న గని తినలే."

ఆడవాళ్లంతా ఇంకా దగ్గరికి జరిగారు. నగలూ చీరలూ పోయాయి, ఇప్పుడు ప్రతి పేజీకీ "ఇక్కడేమంటుండు? ఇక్కడ?" అనే అడుగుతున్నారు. పెళ్లినాడు ఏమీ పలకలేదనుకున్న పిల్లగాడు అన్నిటికన్నా ఎక్కువ మాట్లాడాడని వాళ్లకు అప్పుడు తెలిసింది. శ్రీలత నోరు తెరుచుకుని వింటోంది. తాను తీసిన ఫోటోల్లో ఇన్ని మాటలున్నాయని ఆమెకూ తెలియదు.

అప్పగింతల ఫోటో వచ్చింది. నాగయ్య తువ్వాల మొహానికి అడ్డుపెట్టుకుని ఏడుస్తున్నాడు. నర్సింగ్ ఆయన ముందు నిలబడి చేతులు ఎత్తి ఉన్నాడు. అంతదాకా గోడకు ఆనుకుని దూరంగా కూర్చున్న నాగయ్య ముందుకు వంగాడు.

"ఏమన్నడు గాడ? నాకు సమజ్ కాలే. నేను ఊకెనే తల ఊపిన."

మొగులమ్మ ఫోటోను కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసింది. "మామా, ఏడ్వకు. రేపు పొద్దుగాల్ల చాయ్‌కి వస్తం అన్నడు."

నాగయ్య నుదురు కొట్టుకున్నాడు. "గందుకేనా తెల్లారంగనే ఇద్దరు వచ్చి కూసున్నరు! ఇంట్ల పాలు కూడ లేకుండె. చెప్పకుండ వచ్చిన్రని నేను బిడ్డ మీద గరమైన."

ఆడవాళ్లు నవ్వారు. నాగయ్య నవ్వలేదు. లేచి, మొగులమ్మ దగ్గరికి వచ్చి మెల్లగా అడిగాడు.

"చెల్లే, చాయ్ తాగుతవా అని ఎట్ల అడగాలె?"

మొగులమ్మ ఎడమ అరచేతిని సాసరులా పట్టి, కుడిచేతి వేళ్లు దాని మీద ఆనించి, పెదాల దాకా ఎత్తి చూపింది. నాగయ్య రెండుసార్లు చేసి చూసుకుని అరుగు మీదికి పోయాడు. అల్లుడి ఎదురుగా నిలబడి, మొహం గంభీరంగా పెట్టుకుని అడిగాడు. నర్సింగ్ చేతిలోని బఠానీలు కింద పడేసి లేచి నిలబడ్డాడు. మామ ముఖంలోకి చూస్తూ, పిల్లలకు చెప్పినట్టు ఒక్కొక్కటే నెమ్మదిగా జవాబు చెప్పాడు.

"ఏమంటుండు బిడ్డా?" నాగయ్య కూతురిని అడిగాడు.

"తాగుతడంట. చక్కెర తక్కువెయ్యాలంట."

"తక్కువ అంటే ఎట్ల? మళ్ల చెయ్యమను."

నర్సింగ్ మళ్లీ చేశాడు. నాగయ్య చూసి నేర్చుకుని, గడప దాటి లోపలికి వచ్చి, చాప మీద ఉన్న శ్రీలతను చూసి ఆగాడు. నోరు విప్పకుండా చేత్తోనే అడిగాడు, నీకూ తక్కువేనా అని.

శ్రీలత కాదంది. చేత్తోనే.